గవర్నరు గారనుకున్నాను

దుబాయ్‌లో ఇరవై ఆరేళ్ళు ఏం ఉద్యోగం చేశారాంటీ అని మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలు అడుగుతుంటారు. కుర్చీలు వేశానర్రా అంటాను. పకపకా నవ్వుతారు. నవ్వితే నవ్వండి గానీ నేను చెప్పింది నిజమే. పెద్దవాళ్ళు వచ్చే సభల్లో ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలి, ఎవరి తర్వాత ఎవరు మాట్లాడాలి, వెనకాల కట్టే ఫ్లెక్సు మీద ఎవరి పేరు ముందుండాలి, ఏ జెండా ఏ పక్కన నిలబెట్టాలి, ఇవన్నీ చూసే ఒక చిన్న కంపెనీలో పనిచేశాను. చేరినప్పుడు టైపిస్టుని. మానేసేనాటికి నా పేరు కింద ప్రోటోకాల్ కోఆర్డినేటర్ అని రాసుండేది.

ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లోకి దిగుతున్న మీలాంటివాళ్ళకి ఒక్క సంగతి చెప్పాలని ఇది రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. మిగతావాళ్ళ పేర్లు మర్యాద కోసం రాయడం లేదు. నా పేరు సిగ్గేసి రాయడం లేదు.

మా ఆఫీసు దేరాలో. వర్క్‌షాపు షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో. ఆఫీసుకి పెద్ద ఒక ముదీర్, అంటే మేనేజరు. అరబ్బు మనిషి, చెడ్డవాడేం కాదు, కోపం వస్తే మాత్రం ఎదుట ఎవరున్నారో చూసేవాడు కాదు. వర్క్‌షాపులో ఫ్లెక్సులు కొట్టి, బోర్డులు చేసి, వాటిని తన వ్యానులోనే హాలుకి తీసుకొచ్చి కట్టేసి వెళ్ళే మనిషి ఒకడుండేవాడు. కరీంనగర్ వైపు వాడు, నాకంటే పన్నెండేళ్ళు చిన్న. అల్ వర్సాన్‌లో లేబర్ క్యాంపు గదిలో ఉండేవాడు. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. ఇక్కడా అలాగే రాస్తాను, అలా రాసే అర్హత నాకు లేకపోయినా సరే.

కరోనా మా కంపెనీని ఊడ్చిపెట్టేసింది. సభలే లేకపోతే కుర్చీలు ఎవరిక్కావాలి? ముదీర్ ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచేవాడు. వెళ్ళినవాళ్ళు బయటికొచ్చి బల్ల సొరుగు ఖాళీ చేసుకునేవారు. ముప్పై మందికి పైగా ఉండేవాళ్ళం, పదకొండుమందిమి మిగిలాం. నా వంతు రాలేదు. ఎందుకు రాలేదో నాకిప్పటికీ తెలియదు. ఆ తర్వాత కూడా ఇంటర్‌కమ్ మోగితే చాలు, ఇక నా వంతే అనుకునేదాన్ని.

నా భయం ఉద్యోగం గురించే అయితే అంత ఉండేది కాదు. మా ఆయన హైదరాబాదు సచివాలయంలో సెక్షన్ ఆఫీసరుగా చేసి, ముందే రిటైర్మెంటు తీసుకుని నా దగ్గరికి వచ్చేశారు. వచ్చిన నాలుగేళ్ళకి కిడ్నీలు రెండూ పాడయ్యాయి. గుండె కూడా అంతంత మాత్రమే. ఈ స్థితిలో విమానం ఎక్కించొద్దని డాక్టరు కచ్చితంగా చెప్పాడు. ఆయన వీసా నా వీసా మీద, ఆయన ఇన్సూరెన్సు నా కంపెనీ మీద, ఆ ఇన్సూరెన్సు మీద వారానికి మూడుసార్లు డయాలసిస్. నాకు ఉద్యోగం పోయిందంటే, రోజులు లెక్కపెట్టి దేశం వదలమంటారు. ఆయన్ని విమానం ఎక్కించలేను, అక్కడ ఉంచలేను. పోతుంటే చూస్తూ కూర్చోవాలి. నా భయం అది. అన్నం తింటున్నా, ఫోను మాట్లాడుతున్నా, అది నా పక్కనే కూర్చునుండేది.

కరోనా వెళ్ళిన రెండో చలికాలంలో ముదీర్ నన్ను పిలిచి ఒక ఫైలు చేతిలో పెట్టాడు. రాస్ అల్ ఖైమాలో ఒక వ్యాపార సంఘం సభ పెడుతోంది. స్పెయిన్‌లో ఒక ప్రాంతీయ ప్రభుత్వం వాళ్ళు వస్తున్నారు. అక్కడ పాలరాతి గనులున్నాయట, ఇక్కడ రాయి కోసే ఫ్యాక్టరీలున్నాయి, రెండువైపులా సంతకాలు పెట్టుకుంటారు. కరోనా తర్వాత మాకొచ్చిన మొదటి పెద్ద పని అది.

"ఇది బాగా జరిగితే అందరం ఉంటాం. పాడైతే నేను ఎవరినో ఒకరిని పంపించక తప్పదు" అన్నాడు ముదీర్ హిందీలో. అరవలేదు. అరిచి ఉంటే నాకు కాస్త ధైర్యంగా ఉండేది.

ఫైల్లో వచ్చేవాళ్ళ జాబితా ఉంది. ప్రాంతీయ ప్రభుత్వ అధ్యక్షుడు. ఆ ప్రాంతపు పార్లమెంటు అధ్యక్షురాలు. పరిశ్రమల మంత్రి. గనుల డైరెక్టర్ జనరల్. ఇంకొకాయన, ఆ ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వ ప్రతినిధి. సరుకు వెళ్ళే రేవు అక్కడి కేంద్రం చేతిలో ఉంటుంది గనక ఆయన కూడా వస్తున్నాడని పక్కన రాశారు. జాబితాతోపాటు, వాళ్ళ ప్రభుత్వం ఎలా నడుస్తుందో చెప్పే నోటు నాలుగు పేజీలది ఒకటి. వాళ్ళ వైపు ప్రోటోకాల్ చూసే ఆవిడ పంపింది.

ఆ నోటు నేను చదవలేదు. చదవడమెందుకు, నాకు తెలియనిదా? ప్రాంతం అంటే మన రాష్ట్రం. ప్రాంతీయ ప్రభుత్వ అధ్యక్షుడంటే ముఖ్యమంత్రి. పార్లమెంటు అధ్యక్షురాలంటే స్పీకరు. మరి కేంద్రం పంపిన ప్రతినిధి అంటే ఎవరు? గవర్నరు గారు! మన దగ్గర గవర్నరు వేదిక మీదుంటే ముఖ్యమంత్రి ఎంతటివాడైనా పక్క కుర్చీయే. నా చిన్నప్పటి నుంచి పేపర్లో ఫోటోలు చూడటం లేదూ! మధ్యలో ఎత్తు వీపు కుర్చీ కేంద్ర ప్రతినిధికి వేశాను. ఫ్లెక్సు మీద ఆయన పేరు పైన, పెద్దక్షరాల్లో. అధ్యక్షుడి పేరు దాని కింద. చివరి ప్రసంగం కూడా ప్రతినిధి గారిదే. అంతా తీర్చిదిద్ది, సంతకం పెట్టి వర్క్‌షాపుకి ఒక కాపీ, ఆమోదం కోసం ఆ వ్యాపార సంఘానికి ఒక కాపీ పంపించాను. వాళ్ళకి మాత్రం ఏం తెలుసు, సరే అన్నారు.

ఆ స్పెయినావిడ రెండుసార్లు మెయిల్ పెట్టింది, కుర్చీల ప్లాను ఒకసారి పంపండి అని. పంపితే ఏదో ఒక మార్పు చెప్తుంది. మార్పంటే ముదీర్ మండిపడతాడు. రేపు పంపుదాం, ఎల్లుండి పంపుదాం అని ఊరుకున్నాను. భయస్తురాలి పనులు ఇలాగే ఉంటాయి, చూసుకోండి. చిన్న చివాట్లకి భయపడి పెద్ద గొయ్యి తవ్వుకున్నాను.

సభకి ముందురోజు మధ్యాహ్నం మా ఆయన డయాలసిస్. రాస్ అల్ ఖైమా హోటలు హాలులో ఫ్లెక్సు కట్టేసి వచ్చానని తమ్ముడు అప్పటికే ఫోన్ చేసి చెప్పాడు. నాకు పెద్ద బరువు దిగినట్టుంది. ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని ఫైలు ముందేసుకున్నాను. ఒక చేతికి సూదులు, మిషను తిరుగుతోంది. ఆయనకి తోచదు. రెండో చేత్తో ఫైలు లాక్కుని ఆ నాలుగు పేజీలూ చదవడం మొదలుపెట్టారు. ఆఫీసు కాగితం కనిపిస్తే ఆయనకి ప్రాణం లేచొచ్చేది. చదువుతూ చదువుతూ ఆగిపోయి అడిగారు.

"ఏమే, వీళ్ళకి గవర్నరెవరు?"

"అదిగో, లిస్టులో చివరాయన. కేంద్ర ప్రతినిధి. ఆయనకే మధ్య కుర్చీ వేశాను."

"ఎవరు చెప్పారు నీకు, ఆయన గవర్నరని?"

"ఒకరు చెప్పాలేమిటండీ! కేంద్రం వేస్తే గవర్నరు కాక ఇంకెవరవుతారు?"

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నారు. "ఇలా చూడు. ఆ దేశంలో ఇలాంటి ప్రాంతాలు పదిహేడు. ఒక్కోదానికి సొంత పార్లమెంటు. దాన్ని జనం ఎన్నుకుంటారు. ఆ సభ తనలోంచి ఒకరిని అధ్యక్షుడిగా ఎన్నుకుంటుంది. రాజు గారు నియామకం మీద సంతకం పెడతారు. మంత్రుల్ని ఎవరు పెట్టుకుంటారట? అధ్యక్షుడే. బిల్లు పాసయ్యాక దాన్ని చట్టంగా ప్రకటించేదెవరు?"

"గవర్నరు..."

"నీ మొహం. అధ్యక్షుడే, రాజు పేరు మీద. తన ప్రాంతంలో మొత్తం దేశానికి ప్రతినిధి కూడా ఆయనే అని రాశారు ఇక్కడ. మన గవర్నరూ ముఖ్యమంత్రీ కలిసి ఒక్క మనిషైతే ఎలా ఉంటుందో అలాగన్నమాట."

"మరి కేంద్ర ప్రతినిధి?"

"అక్కడ కేంద్రం వాళ్ళ ఆఫీసులుంటాయిగా. వాటినీ, కేంద్రం పోలీసుల్నీ చూసుకుంటాడు. స్కూళ్ళూ ఆసుపత్రులూ ప్రాంతం వాళ్ళవి, వాటి జోలికి ఈయన రాడు. ప్రాంతీయ ప్రభుత్వంలో ఈయన లేనే లేడు. వేదిక మీద అధ్యక్షుడు, తర్వాత సభాపతి, ఆ తర్వాతే ఈయన. గవర్నరనే ఉద్యోగమే వీళ్ళకి లేదే పిచ్చిదానా!"

ఆయన నవ్వారు, తప్పు పట్టుకున్న ఆఫీసరు నవ్వు. నేను నవ్వలేదు. మిషను చప్పుడు ఒక్కసారిగా పెద్దదైనట్టనిపించింది. నా మొహం చూసి ఆయన నవ్వు ఆపేశారు.

"ఫ్లెక్సు కొట్టించేశావా?"

"కట్టేశారు కూడా."

"మీ ముదీర్‌కి ఇప్పుడే చెప్పు. ఇంకా టైముంది. ముందురోజు చెప్పిన తప్పుకి కోప్పడతారు గానీ తల తీయరు. నా సర్వీసులో ఎన్ని చూశాను!"

ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాను. ముదీర్ నంబరు తెరిచాను. ఎవరినో ఒకరిని పంపించక తప్పదు అన్న ఆ మామూలు గొంతు చెవిలో వినబడింది. అద్దంలోంచి చూస్తే లోపల మా ఆయన, ఆయన చేతికి ఎర్రటి గొట్టాలు. నా వేలు ముదీర్ పేరు మీద నుంచి జారి తమ్ముడి పేరు మీద పడింది.

"తమ్ముడూ, కొంప మునిగింది" అని మొత్తం చెప్పాను.

"అయ్యో, గింతేనా అక్కా? నేనేమో సార్‌కేమన్న అయిందనుకున్న" అన్నాడు. "ఏం ఫికర్ జేయకు. మిషిన్ ఖాళీగనే ఉంది. కొత్తది కొట్టి పెడ్త. పొద్దుగాల జల్ది పోయి పాతది గుంజి ఇది కట్టేద్దం. కుర్చీలంటవా, పేర్లు అటుది ఇటు ఇటుది అటు. ముదీర్‌కు ఎరికనే కాదు."

"ముదీర్‌కి చెప్పొద్దంటావా?"

"నువ్వు జెప్పేదుంటే జెప్పు. నేనైతే జెప్ప."

అతను అలాంటివాడు. నాకు సభలున్న రోజుల్లో మా ఆయన్ని తన వ్యానులో డయాలసిస్‌కి తీసుకెళ్ళి, మళ్ళీ ఇంటి దగ్గర దింపి, లిఫ్టు దాకా చెయ్యి పట్టుకుని నడిపించేవాడు. ఎప్పుడూ ఒక్క మాట అడిగినవాడు కాదు.

ఇంటికొచ్చాక ముదీర్‌తో మాట్లాడావా అని మా ఆయన అడిగారు. మాట్లాడాను అన్నాను. ఆ రోజు మొదలుపెట్టిన అబద్ధాల్లో అది మొదటిది.

పొద్దున్న ఆరింటికి షార్జా నుంచి బయల్దేరాం. ఊరు దాటేసరికి పొగమంచు. చలికాలంలో ఆ దారిలో మంచు మామూలే గానీ, ఆ రోజు ముందున్న లారీ వెనక దీపాలు కూడా కనబడటం లేదు. రోడ్డు పైన బోర్డులు వెలిగి ఆరుతున్నాయి, వేగం తగ్గించమని. పక్కన ఎక్కడో కారు కారుని గుద్దిన చప్పుడు వినిపించింది, ఎక్కడో తెలియదు. వ్యాను నత్తలా పోతోంది. వెనకాల ఫ్లెక్సు చుట్ట. నేను గడియారం చూస్తున్నాను, మంచు చూస్తున్నాను, మళ్ళీ గడియారం చూస్తున్నాను.

"తొందరగా పోనీ తమ్ముడూ."

"ఎట్ల పోతమక్కా, ముంగట ఏమున్నదో కనవడ్తలేదు. పానాలుంటే గద బ్యానర్ కట్టేది. నీళ్ళు తాగు జర."

సీసా మూత తీసి మళ్ళీ పెట్టేశాను. మనసులో ఒకటే లెక్క. సభ పదింటికి. ఎనిమిదికి చేరితే చాలు. ఎనిమిదిన్నరకి చేరినా చాలు. ముదీర్ తొమ్మిదిన్నర దాకా రాడు. ఎనిమిదీ అయింది, ఎనిమిదిన్నరా అయింది, మేము ఇంకా రోడ్డు మీదే ఉన్నాం. అప్పటికైనా ముదీర్‌కి ఫోన్ చేసి చెప్పుండొచ్చు. చెయ్యలేదు. ఎంత ఆలస్యమైతే చెప్పడం అంత కష్టమైపోతుంది, ఆ సంగతి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి.

హోటలు ముందు ఆగేసరికి తొమ్మిదీ పది. ముదీర్ కారు అప్పటికే అక్కడుంది. మంచుకి భయపడి ఆయన ముందురోజు సాయంత్రమే వచ్చి అక్కడే గది తీసుకున్నాడట. తమ్ముడు ఫ్లెక్సు దింపుతుంటే నేను లోపలికి పరిగెత్తాను. యాభై ఏడేళ్ళ మనిషిని, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని హోటలు లాబీలో పరిగెత్తాను.

హాల్లో వేదిక ముందు ముగ్గురున్నారు. ముదీర్, వ్యాపార సంఘం తరఫు పెద్దమనిషి, ఒక సన్నటి తెల్లావిడ. ఆవిడే మెయిళ్ళు పెట్టినావిడ అని చూడగానే అర్థమైంది. ఆవిడ ఫ్లెక్సు వైపు వేలు చూపించి ఇంగ్లీషులో మాట్లాడుతోంది. గొంతు మాత్రం పెంచడం లేదు.

"మా అధ్యక్షుడు ఈ గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోతారు. ఆయనదీ ఈ ప్రతినిధిదీ వేరు వేరు పార్టీలు. ఇద్దరూ సరిగా మాట్లాడుకుని ఏడాది దాటింది. మధ్య కుర్చీలో ఆయన, పక్కన మా అధ్యక్షుడు, ఈ ఫోటో రేపు మా పేపర్లలో పడితే ఏమవుతుందో మీకు తెలుసా? నేను నోటు కూడా పంపాను. ఎవరు చేశారిది?"

ముదీర్ నా వైపు తిరిగాడు. అందరిముందూ అడిగాడు. "యే క్యా హై, మేడం?"

చెప్పేద్దామనే నోరు తెరిచాను. దేవుడి సాక్షిగా చెప్తున్నాను, తెరిచాను. నాది తప్పు సార్, నేను నోటు చదవలేదు, మా దేశంలోలాగే అనుకున్నాను. ఆ మాటలన్నీ వరసగా నాలుక మీదే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే తమ్ముడు భుజం మీద ఫ్లెక్సు చుట్టతో తలుపు తోసుకుని వచ్చాడు.

"అక్కా, ఏడ దించాలె?"

ముదీర్ ఆ చుట్ట వైపు చూశాడు. ఏమిటది అన్నాడు. నేనన్నాను కదా, "ప్రింటింగ్ మిస్టేక్ సార్. వర్క్‌షాపులో పేర్లు తారుమారు చేశారు. అది చూసి హోటలు వాళ్ళు కుర్చీలు కూడా అలాగే వేసినట్టున్నారు. నిన్న నేను కనిపెట్టి సరైనది కొట్టించి తెచ్చాను."

ఎంత చక్కగా అతికిందో చూడండి. నేను అనుకుని అనలేదు, కానీ ఒక్క తడబాటు లేకుండా అన్నాను. స్పెయినావిడ గుండెల మీద చెయ్యి వేసుకుని, అమ్మయ్య, థాంక్యూ మేడం అంది. ఇంగ్లీషు సరిగా రాకపోయినా ప్రింటింగ్ మిస్టేక్ అనే రెండు ముక్కలు బోర్డులు చేసే ఏ మనిషికైనా అర్థమవుతాయి. తమ్ముడు నా మొహం వంక చూశాడు. నేను చుట్ట వంక చూశాను.

ముదీర్ అతన్ని హిందీలో నోటికొచ్చినట్టు తిట్టి, యల్లా యల్లా అని తరిమాడు. తమ్ముడు నిచ్చెనెక్కి పాతది దింపి కొత్తది కట్టాడు. నేను పేర్ల బోర్డులు మార్చాను. ప్రసంగాల వరస కాగితం కొత్తది తీయించాను. పదికి ఐదు నిమిషాలుందనగా అతిథులొచ్చారు. అధ్యక్షుడు మధ్యలో కూర్చున్నాడు, పక్కన సభాపతి, ఆ పక్కన ప్రతినిధి. నా గవర్నరు గారు నిక్షేపంలా మూడో కుర్చీలో కూర్చుని, కాళ్ళు చాపుకుని, ఇచ్చిన ఖర్జూరాలన్నీ తిన్నాడు. సంతకాలయ్యాయి, చప్పట్లయ్యాయి. ముదీర్ నా దగ్గరికొచ్చి, మీరు లేకపోతే పరువు పోయేది అన్నాడు. బాత్రూములోకి వెళ్ళి వాంతి చేసుకున్నాను.

తిరుగుదారిలో మంచు లేదు. షార్జా దగ్గర పడింది.

"నా మీదెందుకు ఏసినవక్కా?" అన్నాడు చివరికి.

"భయంలో ఏదో నోటికొచ్చేసింది తమ్ముడూ. నీకేం కాదులే. ప్రింటింగ్ తప్పుకి ఎవరూ ఉద్యోగాలు తీయరు."

"గట్లనే అయితే మంచిదే" అన్నాడు.

మూడోరోజు ఇంటర్‌కమ్ మోగింది. ముదీర్ గదిలో తమ్ముడు నిలబడి ఉన్నాడు. ఆ ప్లానుకి తాము సరే అన్న సంగతి బయటికి రాకుండా, ఎలా జరిగిందో మమ్మల్నే రాసివ్వమని వ్యాపార సంఘం వాళ్ళు అడిగారట. తప్పు చేసిన మనిషిని తీసేశామని ముదీర్ రాసిచ్చేశాడు. తమ్ముడి చేతికి వీసా క్యాన్సిల్ కాగితం ఇచ్చాడు. అప్పుడు తమ్ముడు జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. వర్క్‌షాపుకి నేను పంపిన కాపీ. అందులో ప్రతినిధి పేరు పైన, అధ్యక్షుడి పేరు కింద, అడుగున నా సంతకం.

"మేడం, ఈ సంతకం మీదేనా?"

ముదీర్ గొంతులో కోపం లేదు. ఆయనకి అంతా అర్థమైపోయిందని ఇప్పుడనిపిస్తుంది. ఎవరో ఒకరు వెళ్ళాలి. ఎవరన్నది నన్నే తేల్చమన్నట్టు చూస్తున్నాడు. గోడ మీద ఏసీ చల్లగాలి నా మెడ మీదకి కొడుతోంది. మర్నాడు మా ఆయనకి డయాలసిస్.

"నాదే సార్. కానీ అది మొదట రాసింది. తర్వాత ఫోన్ చేసి మార్పు చెప్పాను."

"అక్కా" అన్నాడు తమ్ముడు. ఫోనులో మాట్లాడుకున్న మాట నిజమే కదా, ఏ మాట ఎప్పుడన్నానో చూపడానికి అతని దగ్గర ఏముంది?

ఖలాస్ అన్నాడు ముదీర్. తమ్ముడు ఆ కాగితం బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు. పదిహేనేళ్ళు పనిచేసిన మనిషి పది రోజుల్లో విమానమెక్కేశాడు. నేను ఎయిర్‌పోర్టుకి కూడా వెళ్ళలేదు. వెళ్ళే మొహం ఏదీ?

తర్వాత నాకొక సభ పడింది. మా ఆయన తయారై, వ్యాను కోసం కిటికీ దగ్గర కూర్చున్నారు.

"తమ్ముడు రాలేదేమే?"

"ఊరెళ్ళాడండీ. తల్లికి బాగోలేదట. ఇక రాడేమో. టాక్సీ పిలిచాను."

ఆయన నా వైపు కాసేపు చూశారు. "అలాగా" అన్నారు. మళ్ళీ అతని ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇద్దరం ఎప్పటిలాగే ఉన్నాం. ఆయన ఆ తర్వాత పద్నాలుగు నెలలు బతికారు. ఒక్క డయాలసిస్ తప్పలేదు. ఒకరోజు మధ్యాహ్నం మిషను మీద ఉండగానే గుండె ఆగిపోయింది.

ఆయన్ని అక్కడే సాగనంపి, నేను రాజీనామా ఇచ్చి కాకినాడ వచ్చేశాను. ఇంకెవరి కోసం భయపడాలి? ఆ భయం పోయాక గానీ నేనేం చేశానో నాకు సరిగ్గా కనబడలేదు. మూడు నెలలు తమ్ముడి నంబరు తీయడం, పెట్టేయడం. ఒకరోజు కళ్ళు మూసుకుని నొక్కేశాను.

"అక్కా! మంచిగున్నవా? సార్ పోయిండని దోస్తులు జెప్పిండ్రు" అన్నాడు తమ్ముడు. ఊళ్ళో ట్రాక్టర్లకీ ఆటోలకీ పేర్లు రాస్తున్నాడట. వెనకాల ఎవరిదో ట్రాక్టరు ఇంజన్ చప్పుడు.

"తమ్ముడూ, నీ దగ్గర ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆ ఫ్లెక్సు నేను..."

"గది నాకెరికలేదా అక్కా? కొట్టింది నేనే గద" అన్నాడు. నవ్వాడు కూడా. నాకు ఏడుపొచ్చేసింది. నన్ను కాసేపు ఏడవనిచ్చాడు.

"సార్ ఫోన్ జేసిండు నాకు" అన్నాడు తర్వాత.

"ఎప్పుడు?"

"నేనొచ్చిన నెలకే. ఎందుకు పంపిచ్చిండ్రు అని అడిగిండు. అమ్మకు బాగలేదని నువ్వు జెప్పినవంట. మీ అమ్మ పోయి ఆరేండ్లాయె గద, వ్యానుల నువ్వే నాతోని జెప్పినవ్, నిజం జెప్పు అన్నడు. జెప్పిన. ఏడ్చిండక్కా. నా పానం నిలవెట్టనీకి నీ పని దీసిన్రు, మాఫ్ జేయి అన్నడు. గప్పటి సంది ప్రతి నెల జేసేటోడు. పిల్లలు ఎట్ల సదువుతున్రు, పని దొరికిందా అని అడిగేటోడు."

పద్నాలుగు నెలలు ఆ మంచం పక్కన నేనే కూర్చున్నాను. నాకొక్క మాట తెలియదు.

"నాకెందుకు చెప్పలేదు తమ్ముడూ? ఆయనా చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు."

"సారే వద్దన్నడక్కా. నాకెరికైందని ఆమెకు జెప్పకు, అసలే పానం అరచేతుల వెట్టుకొని బతుకుతున్నది, ఇంక బుగులువడ్తది అన్నడు."